చివరి వరుసకు ఒత్తులు కనపడాలి

గది పైకప్పుకు వేలాడే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు దాదాపు 2,000 ల్యూమెన్ల వెలుగునిస్తుంది. సంచిలో పట్టే చిన్న ప్రొజెక్టర్లలో చాలావాటి అసలు వెలుగు 200 నుంచి 500 ల్యూమెన్ల మధ్య ఉంటుంది. చిన్న ప్రొజెక్టర్ కొంటామని ఎవరు సలహా అడిగినా ముందు ఈ రెండు అంకెలే చెబుతాను. కొనబోయే పెట్టె ఆ ట్యూబ్‌లైటుతో పోటీ పడాలి. పోటీలో ఎక్కడ నెగ్గుతుందో, ఎక్కడ ఓడుతుందో తెలిస్తే మిగతా లెక్కలన్నీ వాటంతటవే తేలతాయి.

నాది కర్నూలు. పొదుపు సంఘాల మహిళలకు బ్యాంకు లెక్కలు, ఫోన్ చెల్లింపులు, వాటి చుట్టూ అల్లే మోసాల గురించి చెప్పడం నా పని. ఒక వారం పత్తికొండ వైపు, మరో వారం ఆత్మకూరు వైపు, తుంగభద్ర దాటితే అలంపురం, అయిజ. ఆర్టీసీ బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాలి, కొన్ని ఊళ్లలో ఆటో దిగాక నడవాలి. కాగితాలు, నీళ్ల సీసా, ప్రొజెక్టర్, తెర అన్నీ నా భుజం మీదే. అందుకే అర కిలో తేడా కూడా నాకు పెద్ద తేడా.

పది మందికి ఒక ఫోన్ చూపించి మోసపు సందేశం ఎలా ఉంటుందో చెప్పలేం. ముందున్న ఇద్దరు చూస్తారు, వెనకున్న వాళ్లు తల ఊపుతారు. గోడ మీద పెద్దగా చూపిస్తే వేరు. 'మీ కరెంటు బిల్లు కట్టలేదు, ఈ లింకు నొక్కండి' అన్న సందేశంలో లింకు అక్షరాలు ఎక్కడ తేడాగా ఉన్నాయో, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ను ఎందుకు కొట్టనక్కర్లేదో, డబ్బు పోయిన వెంటనే 1930కి ఎందుకు ఫోన్ చేయాలో అందరూ ఒకేసారి చూస్తారు. ఒకరు అడిగిన ప్రశ్న అందరి ప్రశ్న అవుతుంది. తెర మీద చూపించే పద్ధతి మన పల్లెలకు కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో ఒక అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు పంపింది. వాటిలో మన రాష్ట్రం ఊళ్లూ ఉన్నాయి. 2006లో మొదలైన డిజిటల్ గ్రీన్ అనే సంస్థ, రైతులే నటించి చెప్పిన వ్యవసాయ వీడియోలను అరచేతిలో పట్టే ప్రొజెక్టర్లతో ఊరూరా చూపించింది. అప్పుడు ఆ చిన్న ప్రొజెక్టర్ల వెలుగు చాలా తక్కువ. 2012లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ బీమ్ ఫోన్‌లోనే ప్రొజెక్టర్ ఉండేది, వెలుగు 15 ల్యూమెన్లు. చీకటి గదిలో, చిన్న గుంపు దగ్గరగా కూర్చుంటేనే పనికొచ్చేది.

ఇప్పుడు అంతకు ఎన్నో రెట్ల వెలుగు కిలో బరువులో దొరుకుతోంది. ఆ మంచి మార్పుతో పాటే పెట్టె మీద అంకెల అబద్ధాలూ పెరిగాయి.

ఆన్‌లైన్‌లో చూడండి. పదివేల లోపు ప్రొజెక్టర్ల మీద '9,000 ల్యూమెన్లు', '12,000 ల్యూమెన్లు' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని అడాప్టర్ మీద రాసిన వాట్లు చూస్తే 50, 60 ఉంటాయి. 20 వాట్ల ట్యూబ్‌లైటుకు 2,000 ల్యూమెన్లు వస్తున్నాయంటే ఒక వాటుకు వంద. ఆ లెక్కన 9,000 ల్యూమెన్లకు ఒట్టి దీపానికే 90 వాట్లు కావాలి. ఆపైన ప్రొజెక్టర్‌లో దీపం వెలుగంతా బయటికి రాదు. పలకల్లో, అద్దాల్లో, కటకంలో చాలా భాగం పోతుంది. మిగిలిందే గోడను చేరుతుంది. పెట్టె మీది అంకె గోడను చేరిన వెలుగుది కాదు. చాలాసార్లు అది దేన్నీ కొలిచి రాసింది కూడా కాదు.

నమ్మదగిన కొలతకు ఒక పద్ధతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ 1992లో పెట్టిన పద్ధతి అది. తెల్లటి బొమ్మను తెర మీద వేసి, దాన్ని తొమ్మిది గళ్లుగా విభజించి, ప్రతి గడి మధ్యలో వెలుగు కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యంతో హెచ్చవేస్తారు. మధ్యలో మెరిసి మూలల్లో మసకబారే యంత్రం ఈ పరీక్షలో దొరికిపోతుంది. తర్వాత అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 21118 కూడా వచ్చింది. అందుకే వివరాల కాగితంలో 'ఆన్సీ ల్యూమెన్లు' లేదా 'ఐఎస్‌ఓ ల్యూమెన్లు' అన్న మాట వెతకండి. 'ఎల్‌ఈడీ ల్యూమెన్లు', 'లైట్ సోర్స్ ల్యూమెన్లు' అని రాస్తే అది వేరే లెక్క, దాన్ని దీనితో పోల్చకూడదు. పేరున్న కంపెనీలు కూడా ఆ రెండో అంకె వాడతాయి. శాంసంగ్ ఫ్రీస్టైల్ 2022లో వచ్చినప్పుడు 550 ఎల్‌ఈడీ ల్యూమెన్లు అని ప్రకటించారు, దాని ఆన్సీ లెక్క అందులో సగం కూడా ఉండదు. ఏ మాటా లేకుండా ఒట్టి 'ల్యూమెన్లు' అనో, అంకె పక్కన 'ఎల్' అక్షరమో ఉంటే ఆ పేజీ మూసేయడమే మంచిది.

కొలవడం మీరూ చేయవచ్చు, అదీ షాపులోనే. 60 అంగుళాల వెడల్పాటి బొమ్మ, అంటే మూల నుంచి మూలకు ఐదు అడుగులు, దాదాపు ఒక చదరపు మీటరు ఉంటుంది. వెడల్పు 1.33 మీటర్లు, ఎత్తు 75 సెంటీమీటర్లు. ఆ పరిమాణంలో తెల్లటి బొమ్మ వేయించండి. ఫోన్‌లో వెలుగు కొలిచే ఉచిత యాప్ పెట్టుకుని, ఫోన్ ముఖాన్ని ప్రొజెక్టర్ వైపు తిప్పి, తెరకు ఆనించి తొమ్మిది చోట్ల పట్టండి. వచ్చే లక్స్ అంకెల సగటే రమారమి ల్యూమెన్లు, వైశాల్యం ఒకటి కాబట్టి. ఫోన్ కొలత ప్రయోగశాల కొలత కాదు, కొంత తేడా ఉంటుంది. కానీ 9,000 అని రాసిన పెట్టె నుంచి 150 వస్తే ఆ తేడా ఫోన్ వల్ల వచ్చింది కాదని ఎవరికైనా తెలుస్తుంది.

అదే ప్రొజెక్టర్‌ను వెనక్కి జరిపి బొమ్మను 100 అంగుళాలు చేస్తే వైశాల్యం దాదాపు 2.75 చదరపు మీటర్లవుతుంది. ఒక చెంబు నీళ్లు గిన్నెలో పోస్తే లోతుగా ఉంటాయి, పళ్లెంలో పోస్తే పలచబడతాయి. వెలుగూ అంతే. 500 ల్యూమెన్ల యంత్రం 60 అంగుళాల బొమ్మకు చదరపు మీటరుకు 500 ఇస్తుంది, 100 అంగుళాలకు 180 ఇస్తుంది. ప్రకటనల్లో '200 అంగుళాల తెర' అని రాస్తారు. బొమ్మ అంత సైజుకు పోతుంది, నిజమే. పగటి గదిలో అక్కడ ఏమీ కనపడదు.

ఎంత చాలు? అమెరికాలో ఆడియో విజువల్ వృత్తి సంఘం ఇన్ఫోకామ్ 2011లో ఒక ప్రమాణం పెట్టింది. ఊరికే చూసి అర్థం చేసుకునే బొమ్మకు తెర మీద తెలుపు, నలుపు కన్నా ఏడు రెట్లు వెలుగుగా ఉండాలి. చదివి నిర్ణయం తీసుకునే విషయమైతే పదిహేను రెట్లు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదని గుర్తుంచుకోవాలి. తెర మీద నలుపంటే గదిలో వెలుగు పడిన తెర రంగే. కిటికీలు మూసి, తెర దగ్గరి లైటు ఆర్పి, వెనక లైటు ఒకటి ఉంచితే తెర మీద 50 లక్స్ దాకా పడవచ్చు. అప్పుడు ఏడు రెట్లకు చదరపు మీటరుకు 300 ల్యూమెన్లు కావాలి, పదిహేను రెట్లకు 700. పల్లెలో పగటి పూట, తలుపు తెరిచి ఉన్న గదిలో ఆ 50 కాస్తా 200 అవుతుంది, లెక్కంతా నాలుగింతలవుతుంది. ఆరుబయట చెట్టు కింద వేల లక్స్ ఉంటుంది. అక్కడ ఏ చిన్న ప్రొజెక్టరూ పనిచేయదు. పటాలు ముద్రించి తీసుకెళ్లడమే దారి.

ఈ లెక్క తెలిశాక నేను ప్రొజెక్టర్ కన్నా ముందు గదిని చూడడం మొదలుపెట్టాను. గ్రామ సచివాలయంలో అయితే ఏ గోడకు కిటికీ ఎదురుగా లేదు? తెర దాని మీద. తెలంగాణ వైపు రైతు వేదికల్లో హాలు పెద్దది, వెలుతురు ధారాళం. అక్కడ చిన్న యంత్రంతో పని కాదు. అంగన్‌వాడీ గది చిన్నది, చల్లది, ఇరవై మందికి సరిగ్గా సరిపోతుంది. వీలైతే సమావేశమే సాయంత్రం ఏడుకు పెట్టుకుంటాను. కూలి పనికి పోయిన వాళ్లు అప్పటికి ఇల్లు చేరతారు, వెలుగూ తగ్గుతుంది, రెండూ కలిసొస్తాయి.

ఇక అక్షరాల సంగతి. ప్రొజెక్టర్ల గురించి రాసేవాళ్లంతా ఎక్కువగా సినిమా దృష్టితో రాస్తారు, అదీ ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని. మన అక్షరం వేరు. పైన తలకట్టో గుడో, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ఒక అక్షరం మూడంతస్తుల ఎత్తుంటుంది, అర్థాన్ని మోసే భాగాలు అతి సన్నగా ఉంటాయి. చవక ప్రొజెక్టర్ల అసలు స్పష్టత 854 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు. పెట్టె మీద '1080పీ సపోర్ట్' అని ఉంటుంది. అంటే ఆ సైజు వీడియోను తీసుకోగలదు, తన దగ్గరున్న తక్కువ చుక్కల్లోకి కుదించి చూపిస్తుంది అని మాత్రమే. 'నేటివ్ రిజల్యూషన్' ఎంత అని అడగాలి. సమాధానం 1280 బై 720 కన్నా తక్కువైతే తెలుగు పాఠానికి వద్దు. 1920 బై 1080 అయితే హాయి.

ఒక ఊళ్లో చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ, "అక్కా, పైన రాసింది కనపడతాంది, కింద రాసింది కనపడల్యా" అంది. అది స్లైడు కింది వరుస గురించి కాదు. అక్షరాల కింది ఒత్తుల గురించి. ఆమె కంటికి వయసొచ్చింది, యంత్రం ఆ సంఘం వాళ్లు అద్దెకు తెచ్చిన 480 చుక్కలది. ఆ మాట నాకు ఏ వివరాల కాగితం కన్నా ఎక్కువ నేర్పింది. అప్పటి నుంచి ఏ ప్రొజెక్టర్‌నైనా ఒక్క స్లైడుతోనే పరీక్షిస్తాను. అందులో 'చెల్లింపు', 'వడ్డీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' లాంటి మాటలు ఆరు వరుసల్లో ఉంటాయి. బొమ్మ ఎత్తుకు ఆరు రెట్ల దూరంలో నిలబడి చూస్తాను. 75 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మకు అది నాలుగున్నర మీటర్లు, పదిహేను అడుగులు. అక్కడి నుంచి రాష్ట్రంలో రెండు ఒత్తులూ విడివిడిగా కనపడితే ఆ యంత్రం తెలుగు వాళ్లకు పనికొస్తుంది. షాపువాడు చూపించే సముద్రపు చేపల వీడియోలో ఏ ప్రొజెక్టరైనా అందంగానే ఉంటుంది.

అక్షరాల విషయంలోనే ఇంకో చిక్కు. ప్రొజెక్టర్‌లో ఆండ్రాయిడ్ ఉంది, పెన్‌డ్రైవ్ పెట్టి నేరుగా స్లైడ్లు చూపించవచ్చు అంటారు. అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు అక్కడ తెరిస్తే తెలుగు కాదు, అర్థంలేని గుర్తుల వరుస వస్తుంది. ఆ ఫాంటు ఆ యంత్రంలో ఉండదు కదా. యూనికోడ్‌లో రాసినా కొన్ని యంత్రాల్లో ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు జారి, మధ్యలో పొల్లు కనపడుతుంది. స్లైడ్లన్నీ ఇంటి దగ్గరే బొమ్మలుగా, అంటే జేపీఈజీగా, లేదా పీడీఎఫ్‌గా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఈ బాధ ఉండదు. వీడియోలు ఎంపీ4 రూపంలో, హెచ్.264లో ఉంటే దాదాపు ప్రతి యంత్రమూ ఆడిస్తుంది.

ప్రొజెక్టర్‌ను కింద పెట్టి పైకి వంచితే బొమ్మ పైన వెడల్పు, కింద సన్నం అవుతుంది. దాన్ని సరిచేసే సౌకర్యాన్ని కీస్టోన్ అంటారు, ఇప్పుడు అది దానంతటదే సర్దుకుంటోంది. ఉపయోగమే. కానీ ఆ సర్దుబాటు చుక్కలను తినేసి చేసే పని. 1080 చుక్కల యంత్రం కొని, బాగా వంచి, కొన్ని వందల చుక్కలు పారేసుకుంటే మళ్లీ ఒత్తుల దగ్గరే దెబ్బ తగులుతుంది. యంత్రం అడుగున కెమెరా స్టాండుకు పట్టే పావు అంగుళం మర ఉందో లేదో చూడండి. ఉంటే తేలికపాటి ఫోటో ట్రైపాడ్ మీద బిగించి, తెరకు సూటిగా నిలబెట్టవచ్చు. పిల్లలు పరుగెత్తే చోట బల్ల మీద కన్నా అదే భద్రం.

లోపలి యంత్రాంగం రెండు రకాలు ఎక్కువగా కనపడతాయి. మొదటిది డీఎల్‌పీ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన చిప్పు దానికి ఆధారం. గోరంత పలక మీద లక్షల సూక్ష్మ అద్దాలుంటాయి. ఒక్కొక్కటీ సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వంగి వెలుగును తెర మీదికో, పక్కకో తోస్తుంది. చిన్నదిగా, మూసిన పెట్టెలో చేయడానికి అనువైనది కాబట్టి మంచి చిన్న ప్రొజెక్టర్లలో చాలావరకు ఇదే ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది కాబట్టి కొందరికి కళ్లు తిప్పినప్పుడు ఇంద్రధనుసు మెరిసినట్టు ఉంటుంది, స్లైడ్లకు అదేమీ అడ్డు కాదు. రెండోది చవక పెట్టెల్లో ఉండే ఒంటి ఎల్‌సీడీ పలక. చల్లబరచే గాలి నేరుగా ఆ పలక పక్కనుంచే పోతుంది. మన ఎండాకాలపు దుమ్ము ఆ గాలితో లోపలికి పోయి పలకకు అంటుకుంటుంది. బొమ్మ మీద బూడిదరంగు మచ్చలు పడతాయి, విప్పి తుడిస్తే గానీ పోవు. దుమ్ములో తిరిగే వాళ్లు 'ఆప్టికల్ ఇంజిన్ సీల్ చేసి ఉందా' అని ఒక్క ప్రశ్న అడగడం మంచిది.

బ్యాటరీ దగ్గరికి వద్దాం. ఇక్కడ మాటలు ఎక్కువ, వివరం తక్కువ. 'పోర్టబుల్' అన్న పెట్టెల్లో చాలావాటికి బ్యాటరీయే ఉండదు. నేను పైన చెప్పిన ఫ్రీస్టైల్ 830 గ్రాములే, లోపల బ్యాటరీ లేదు. ఎక్స్‌జిమి మోగో 2 ప్రో 1.1 కిలోలు, 400 ఐఎస్‌ఓ ల్యూమెన్లు, 65 వాట్ల యూఎస్‌బీ-సీ కరెంటు కావాలి, దానికీ బ్యాటరీ లేదు. బ్యాటరీ ఉన్న వాటిలో నెబ్యులా క్యాప్సూల్ 3 లేజర్ 300 ఆన్సీ ల్యూమెన్లు, కంపెనీ లెక్కలో రెండున్నర గంటలు. ఇవి మార్కెట్‌లో ఈ తరహా యంత్రాలు ఎక్కడున్నాయో చెప్పడానికే, కొనమని కాదు. మోడళ్లు ఏడాదికోసారి మారతాయి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలా యంత్రాలు వెలుగు తగ్గించుకుంటాయి, కాబట్టి 'బ్యాటరీ మీద ఎన్ని ల్యూమెన్లు, ఎన్ని గంటలు' అని రెండూ కలిపి అడగాలి. విడిగా అడిగితే వెలుగు ఒక స్థితిలోది, గంటలు మరో స్థితిలోవి చెబుతారు.

పవర్ బ్యాంకుతో నడిపించే పనైతే లెక్క తేలిక. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 74 వాట్ అవర్లు. మార్పిడిలో కొంత పోయాక 60 చేతికొస్తాయి. 45 వాట్లు తాగే ప్రొజెక్టర్‌కు అది గంటా ఇరవై నిమిషాలు. అయితే ఆ పవర్ బ్యాంకు యూఎస్‌బీ-సీ పీడీ రకమై, ప్రొజెక్టర్ అడిగినన్ని వాట్లు ఇవ్వగలగాలి. ఫోన్ చార్జ్ చేసే 18 వాట్ల బ్యాంకు పెడితే అది వెలగనే వెలగదు. బ్యాంకు మీద, అడాప్టర్ మీద బీఐఎస్ నమోదు గుర్తు ఉందో లేదో కూడా చూడండి. విమానంలో వెళ్లేవాళ్లకు ఇంకో హద్దు. 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకునే మామూలుగా అనుమతిస్తారు, అదీ చేతి సంచిలోనే, లగేజీలో వేయకూడదు.

ఎండాకాలం మా వైపు గది లోపలే 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ప్రొజెక్టర్ల కాగితాల్లో పనిచేసే ఉష్ణోగ్రత 35 దాకా, కొన్నింటికి 40 దాకా అని ఉంటుంది. ఒక మే మధ్యాహ్నం బడి గదిలో మధ్యలోనే యంత్రం వేడెక్కి ఆగిపోయింది. పంకా గాలి తగిలే చోటికి జరిపి, వెలుగు ఒక మెట్టు తగ్గించి, చల్లబడ్డాక మళ్లీ నడిపించాం. అందుకే 35, 40 మధ్య తేడాను చిన్నదిగా చూడకండి. గాలి బయటికొచ్చే వైపు గోడకో, చీర కుచ్చిళ్లకో అడ్డం పడకుండా చూడాలి. ఆపి ఉన్న కారులో, ఎండ పడే బస్సు కిటికీ దగ్గర పెట్టకూడదు, లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు.

ఫోన్‌ను తెర మీదికి ఎక్కించడం చాలామందికి కావాలి. తీగ లేని పద్ధతులు సంస్థను బట్టి వేరు. ఐఫోన్లకు ఎయిర్‌ప్లే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు మిరాకాస్ట్, కొన్నింటికి గూగుల్ క్యాస్ట్ మాత్రమే. మిరాకాస్ట్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, అది పల్లెల్లో పెద్ద వరం. కొన్ని యంత్రాలైతే మొదట వైఫై, ఆపైన ఖాతా అడగందే ముందుకు కదలవు. షాపులో ఉన్నప్పుడే వైఫై తీసేయించి, ఆపి మళ్లీ వెలిగించి, పెన్‌డ్రైవ్ ఫైలు తెరుచుకుంటుందో లేదో చూడాలి. తీగతో ఫోన్‌ను కలపాలంటే ఫోన్ యూఎస్‌బీ-సీ రంధ్రం నుంచి వీడియో బయటికి రావాలి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ సామర్థ్యం ఉండదు. ల్యాప్‌టాప్ ఉంటే హెచ్‌డీఎంఐ తీగను మించింది లేదు. ప్రొజెక్టర్ మీద ఉన్నది మామూలు సైజు రంధ్రమా, మినీదా అని చూసి దానికి తగిన తీగ సంచిలో వేసుకోండి.

ఫోన్ చెల్లింపులు నేర్పేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసిందొకటుంది. బ్యాంకు యాప్‌లు, యూపీఐలో పిన్ను కొట్టే పేజీ తెర మీదికి పంపితే నల్లగా కనపడుతుంది. అది ప్రొజెక్టర్ లోపం కాదు, రహస్యం బయటపడకుండా యాప్ పెట్టుకున్న కాపలా. ఉండాల్సిందే. అందుకని ఆ పేజీలను బొమ్మలు గీయించి స్లైడ్లుగా వాడతాను. ఇంకోటి, ఫోన్ తెర మీద ఉన్నప్పుడు వచ్చే ప్రతి సందేశం నలభై మంది చదువుతారు. నాతో పనిచేసే ఒకామె పాఠం చెబుతుండగా ఆమె ఓటీపీ గోడంత అక్షరాలతో వచ్చింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అప్పుడే చెబుతూ ఉందామె. ఎదుట ఉన్న ఆడవాళ్లు దాన్ని పాఠంలో భాగమనుకున్నారు. పాఠాలకు సిమ్ లేని పాత ఫోన్ ఒకటి విడిగా పెట్టుకోవడం అందుకే మంచిది.

శబ్దం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మూడు, ఐదు వాట్ల స్పీకర్ పదిహేను మందికి చాలు, నలభై మందికి చాలదు. బ్లూటూత్ స్పీకర్‌కు పంపితే పెదవులు ఒకసారి, మాట మరోసారి వినపడే జాప్యం రావచ్చు. 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే ఊళ్లో మైక్ సెట్టుకు నేరుగా తీగ కలపవచ్చు.

తెరకు డబ్బు పెద్దగా ఖర్చు పెట్టనక్కర్లేదు, కానీ ఏదో ఒక దుప్పటి కట్టేయడం మాత్రం వద్దు. పలచని పంచెలోంచి వెలుగు అవతలికి పోతుంది. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది, వెలుగు గుడ్డలోంచి ఇవతలికి రావాలి కాబట్టి పలచని పంచె అక్కడ సరైనది. మనం ముందునుంచి వేస్తున్నాం, వెలుగు వెనక్కి తిరిగి రావాలి. ఊళ్లో గోడలు లేత నీలమో, ఆకుపచ్చో ఉంటాయి, రంగులన్నీ మారిపోతాయి. నాకు బాగా పనికొచ్చింది ఫ్లెక్సు. ప్రతి పట్టణంలో ఉండే ఫ్లెక్స్ ముద్రణ షాపులో, వెనక నలుపున్న రకంలో, మెరుపు లేని తెల్లది, ఏమీ ముద్రించకుండా, ఆరడుగులకు నాలుగడుగులు కత్తిరించి, పై అంచుకు రింగులు వేయించుకోండి. మడిస్తే గీతలు పడతాయి, పీవీసీ గొట్టానికి చుట్టి ఉంచాలి. వెనక నలుపు వల్ల అవతలి కిటికీ వెలుగు కూడా ఆగుతుంది.

ఇన్ని చెప్పినా, అందరికీ చిన్నదే మంచిదని నేను అనను. ఎప్పుడూ ఒకే హాలులో, కరెంటు ఉన్న చోట, పగలే చూపించేవాళ్లు చిన్న ప్రొజెక్టర్ కొంటే డబ్బు వృథా. ఎప్సన్ ఈబీ-ఈ01 లాంటి మామూలు ఆఫీసు యంత్రం 2.4 కిలోలు, 3,300 ల్యూమెన్లు. ల్యాంపుతో నడుస్తుంది, 200 వాట్లకు పైగా కరెంటు తాగుతుంది, చుక్కలు 1024 బై 768. మోసుకు తిరగడానికి బరువు, పవర్ బ్యాంకు మీద నడవదు. కరెంటు పోతే ల్యాంపు చల్లబడి మళ్లీ వెలగడానికి కాసేపు పడుతుంది. హాలులో మాత్రం దాని ముందు కిలో యంత్రం ఏదీ నిలవదు.

ఈ మధ్య మా దగ్గర ఒక మండల సమాఖ్య వాళ్లు ప్రొజెక్టర్ కొనడానికి డబ్బు పక్కన పెట్టుకుని నన్ను పిలిచారు. కొటేషన్ అడిగే కాగితంలో ఏం రాయాలో వాళ్లతో కూర్చుని రాశాం. వెలుగు ఆన్సీ లేదా ఐఎస్‌ఓలో 400కు తగ్గకూడదు. అసలు చుక్కలు 1920 బై 1080. ఆప్టికల్ ఇంజిన్ మూసి ఉండాలి. అడాప్టర్, తీగలు కలిపి బరువు రెండు కిలోలు మించకూడదు. యూఎస్‌బీ-సీ పీడీతో నడవాలి, ఇంటర్నెట్ లేకుండా పెన్‌డ్రైవ్ తెరవాలి. కింద స్టాండు మర, పక్కన ఆడియో రంధ్రం. వారంటీ మరమ్మతు కర్నూలులో కాకపోయినా హైదరాబాద్‌లో జరగాలి. డబ్బు కట్టే ముందు సమాఖ్య గదిలోనే, తలుపు తెరిచి, మధ్యాహ్నం చూపించాలి. ముగ్గురు షాపువాళ్లకు ఆ కాగితం ఇస్తే ఇద్దరు '400 ఆన్సీ అంటే చాలా తక్కువ మేడమ్, మా దగ్గర పదివేలున్నవి ఉన్నాయి' అన్నారు. మూడో అతను పెట్టె తెచ్చి, తలుపు తెరిచిన గదిలో పెట్టి వెలిగించాడు. సమాఖ్య అధ్యక్షురాలు లేచి చివరి గోడ దాకా నడిచి, అక్కడి నుంచి స్లైడులోని ఆరు వరుసలూ పైకి చదివింది. నాలుగో వరుసలో ఆగి, తెర దగ్గరి ట్యూబ్‌లైటు ఆర్పమని చెప్పి, మిగతా రెండూ చదివింది. అదే కొన్నారు. ఇప్పుడు దానికో రిజిస్టరు ఉంది. ఏ సంఘం ఎప్పుడు తీసుకెళ్లింది, ఎప్పుడు తిరిగిచ్చింది, తీగలన్నీ ఉన్నాయా అని అందులో రాస్తారు. పని లేని నెలల్లో పవర్ బ్యాంకును నిండుగానో ఖాళీగానో వదలకుండా సగం చార్జింగ్‌తో బీరువాలో పెడతారు.